పిల్లలతో హైదరాబాద్ వస్తున్నారా? ఇంటికంటే ముందు గడియారం చూడండి

ఏజెంట్లు ఇళ్లు చూపించేది ఆదివారం పదకొండింటికి. ఆ టైములో హైదరాబాద్‌లో ఏ కాలనీ అయినా ముచ్చటగానే ఉంటుంది. స్కూలు బస్సులుండవు, ఆఫీసు ట్రాఫిక్ ఉండదు, రాత్రి వచ్చిన వాసన తెల్లారేసరికి పోయి ఉంటుంది, నీళ్ల ట్యాంకర్ వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. వాచ్‌మన్ మెట్లు కడిగి, లిఫ్టులో ఫ్యాన్ కూడా వేసి ఉంచుతాడు. చిన్నపిల్లలున్న ఇంటికి కావలసిన సంగతులు ఆ గంటలో ఒక్కటీ కనబడవు.

నాది బ్యాంకు ఉద్యోగం, కొన్నేళ్లకోసారి మూటాముల్లె సర్దుకోవడం మాకు అలవాటే. రాజమండ్రి నుంచి హైదరాబాద్ ఆర్డరు చేతికొచ్చేసరికి పెద్దది యూకేజీ పూర్తిచేసింది, చిన్నాడికి రెండున్నరేళ్లు, మాతోపాటు అత్తయ్యగారు. నా బ్రాంచి తార్నాక వైపు, మావారి ఆఫీసు రాయదుర్గంలో. నగరానికి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. ఇలాంటి చిక్కుతో వచ్చేవాళ్లే ఎక్కువ కాబట్టి, మేం ఎలా వెతుక్కున్నామో రాస్తున్నా. ఇది అద్దెకు దిగేవాళ్ల కోసం. కొనే ఆలోచన ఉన్నవాళ్లను కూడా ముందు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అక్కడే అద్దెకుండమంటాను. హోమ్ లోన్ కాగితాల మీద రోజూ సంతకాలు పెట్టేదాన్ని, ఊరికే అనడం లేదు.

స్కూలు నుంచి ఫోనొస్తే ఎవరు వెళ్తారు?

ఆఫీసుకు దగ్గరగా చూసుకోండి అని అందరూ చెబుతారు. ఇద్దరూ ఉద్యోగస్తులైతే ఎవరి ఆఫీసుకు? మా ఇంట్లో ఈ పేచీ ఒక్క ప్రశ్నతో తెగింది. మధ్యాహ్నం స్కూలు వాళ్లు ఫోన్ చేసి "పాపకి జ్వరంగా ఉంది, వచ్చి తీసుకెళ్లండి" అంటే అరగంటలో చేరుకోగలిగేది ఎవరు? మావారు రాయదుర్గంలో బయల్దేరి బయోడైవర్సిటీ జంక్షన్ దాటేసరికే ఆ అరగంట అయిపోతుంది. కాబట్టి ఇల్లు, స్కూలు రెండూ నా వైపు. ఆయనకు మిగిలింది మెట్రో.

మెట్రో మూడు లైన్లు: మియాపూర్ నుంచి ఎల్బీనగర్, నాగోల్ నుంచి రాయదుర్గం, జేబీఎస్ బస్టాండు నుంచి ఎంజీబీఎస్ బస్టాండు. మా అదృష్టం కొద్దీ తార్నాక, రాయదుర్గం రెండూ నాగోల్ లైను మీదే ఉన్నాయి. నాగోల్ మొదటి స్టేషను గనక అక్కడ ఎక్కితే పొద్దున సీటు దొరుకుతుంది. దాదాపు గంట ప్రయాణమే అయినా కూర్చుని వెళ్తే మనిషి ఇంటికి మనిషిలాగే తిరిగొస్తాడు, పిల్లల మీద అరవడు. ఈ లాభం ఏ అద్దె లెక్కలోనూ రాదు. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర 2023లో లిఫ్టులతో స్కైవాక్ తెరిచారు. పిల్లల్ని చంకనేసుకుని ఆ జంక్షన్ దాటే బాధ దాంతో తప్పింది.

మ్యాపులో "మెట్రోకి దగ్గర" అని కనిపిస్తే ఒకసారి పొద్దున ఎనిమిదిన్నరకు ఆ దూరం నిజంగా వెళ్లి చూడండి. బాచుపల్లిలో ఇల్లు తీసుకుని మియాపూర్ స్టేషను నుంచి అమీర్‌పేట వెళ్లేవాళ్లకు రైల్లో ప్రయాణం పెద్ద కష్టం కాదు. స్టేషనుకు చేరే ఆ నాలుగైదు కిలోమీటర్లే కష్టం. లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట వైపు ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది. రైళ్లు తక్కువ, చార్జీ మాత్రం నామమాత్రం. మీ షిఫ్టుకు పొసిగితే వదులుకోవద్దు.

మనవళ్ల కోసం వచ్చిపోయే పెద్దవాళ్లను కూడా లెక్కలో వేసుకోండి. నగరానికి విజయవాడ హైవే వైపు కొసన వనస్థలిపురం, హయత్‌నగర్ ఉంటే రెండో కొసన మియాపూర్, బీహెచ్‌ఈఎల్ ఉన్నాయి. ఆంధ్ర బస్సులు రెండు వైపులా ఆగుతాయి. ఉత్తరాన కొంపల్లిలో ఉంటే సంక్రాంతికి ఊరెళ్లే ప్రయాణంలో సగం ఓపిక ఊళ్లోనే అయిపోతుంది.

పొద్దున ఏడున్నరకు

మీకు నచ్చిన కాలనీ మొదట్లో ఒక పనిరోజు ఏడింటి నుంచి ఎనిమిదిన్నర దాకా నిలబడండి, టీ బండి ఉంటే ఇంకా మంచిది. వచ్చే ప్రతి పసుపు బస్సు మీద స్కూలు పేరు చూసి రాసుకోండి. ఆ వీధికి ఏ స్కూళ్ల బస్సులు వస్తాయో స్కూలు వెబ్‌సైటు చెప్పదు, ఆ గంట చెబుతుంది. బస్సు ఎక్కించడానికి వచ్చిన అమ్మల్ని అడిగితే మిగతాదంతా వాళ్లే చెబుతారు: ఫీజు ఎంత, టీచర్లు ఎన్నాళ్లుంటున్నారు, బస్సులో ఆయా ఉంటుందా. నేనడిగిన ఒకావిడ "మా స్టాపు మొదటి ట్రిప్పులో మొదటిదండీ, పిల్లాడు ఊరంతా చూసి స్కూలుకెళ్తాడు" అంది. స్కూలు నాలుగు కిలోమీటర్లే, బస్సులో ఉండేది గంట పైనే. దూరం అడిగి ఊరుకోకండి, మీ స్టాపులో ఎన్నింటికి ఎక్కాలి, మధ్యాహ్నం ఎన్నింటికి దిగుతారు అని అడగండి. ఒకటో తరగతి పిల్లకి బస్సులో అరగంట దాటితే నేనైతే ఆ స్కూలు పేరు కొట్టేస్తాను, ఎంత పేరున్నదైనా సరే.

టైమింగు గురించి ఒక మాట. తెలంగాణలో స్టేట్ సిలబస్ బడులు మామూలుగా జూన్ రెండో వారంలో తెరుస్తారు. సీబీఎస్‌ఈ స్కూళ్లలో కొన్ని ఏప్రిల్‌లోపే కొత్త తరగతి మొదలుపెట్టేస్తాయి. డిమాండున్న చోట్ల సీట్లు ముందటి చలికాలంలోనే నిండుతాయి. మాలాగా మేలో బదిలీ ఆర్డరు పట్టుకొచ్చేవాళ్లు ముందు సీటు ఖాయం చేసుకుని, ఆ స్కూలు చుట్టూ ఇల్లు వెతకాలి, తప్పదు. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలనే నిబంధన కేంద్రీయ విద్యాలయాల్లో 2022-23 నుంచీ ఉంది. మిగతా స్కూళ్లు ఏ తేదీని లెక్కలోకి తీసుకుంటాయో ముందే కనుక్కోండి. బెంగళూరు నుంచో పుణె నుంచో వచ్చేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. 2018 చట్టం ప్రకారం ఇక్కడ ఏ బోర్డు స్కూల్లోనైనా తెలుగు ఒక సబ్జెక్టుగా చదవాల్సిందే. అక్షరాలు రాకుండా నేరుగా నాలుగో తరగతిలో చేరే పిల్లకి ఇది భారమవుతుంది. వేసవిలోనే అమ్మమ్మ చేత దిద్దించడం మొదలుపెట్టండి.

సాయంత్రం ఐదున్నరకు

ఒక ఏరియా పిల్లలకు పనికొస్తుందో లేదో తెలిసేది ఈ గంటలోనే. పిల్లలు బయట ఉన్నారా? ఎక్కడున్నారు? సెల్లార్‌లో కార్ల మధ్యనా, పార్కులోనా, రోడ్డు మీదా? పార్కు ఉండటం వేరు, గేటు తీసి ఉండటం వేరు. కొన్ని కాలనీల్లో పార్కులకు సాయంత్రం ఆరింటి దాకా తాళమే. ఉయ్యాల గొలుసులు పట్టుకుని చూడండి, జారుడుబల్ల అంచు తడిమి చూడండి. తుప్పుపట్టి రేకు లేచి ఉంటే అక్కడ కాలనీ సంఘం కూడా తుప్పుపట్టిందనే లెక్క.

అపార్ట్‌మెంటు లోపలికి వెళ్లాక లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీద వెళ్లండి. గుమ్మాల ముందు చెప్పులు చూడండి. బొటనవేలంత చెప్పులు ఏ అంతస్తులో ఎన్ని జతలున్నాయో, సెల్లార్‌లో చిన్న సైకిళ్లు ఎన్నున్నాయో చూస్తే అక్కడ మీ పిల్లలకు జోడీ దొరుకుతుందో లేదో తెలిసిపోతుంది. మా చిన్నాడు ఇప్పుడున్న బిల్డింగులో అన్నం తినేది మూడో అంతస్తులో, పడుకునేది మా ఇంట్లో.

గేటెడ్ కమ్యూనిటీయా, కాలనీలో చిన్న అపార్ట్‌మెంటా అని చాలామంది అడుగుతారు. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలకు గేటెడ్ బాగుంటుంది. ఆటల కోర్టులు, స్విమ్మింగ్ పూల్, తోటివాళ్లు, గేటు దాటి పోలేరన్న భరోసా. రెండు మూడేళ్ల పిల్లలకు మాత్రం పాతిక ముప్ఫై ఫ్లాట్ల బిల్డింగు, నాలుగడుగుల్లో కిరాణా కొట్టు, పేరు పెట్టి పిలిచే పొరుగువాళ్లు మేలని నా అభిప్రాయం. పదిహేనో అంతస్తు నుంచి చంటిపిల్లాణ్ణి ఆడించడానికి కిందకు దింపడం రోజూ ఒక ప్రయాణం అయిపోతుంది. పైగా అత్తయ్యగారికి కింద మాట్లాడటానికి మనుషులు కావాలి, క్లబ్ హౌస్ కాదు.

కుక్కల సంగతి మొహమాటపడకుండా అడగండి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయిన ఘటన తర్వాత ఏ తల్లీ దీన్ని తేలిగ్గా తీసుకోదు. చికెన్ సెంటర్లు, చెత్త పడేసే మూలలు ఎక్కడున్నాయో చూడండి. కుక్కల గుంపులు అక్కడే ఉంటాయి. మీ పిల్లలు పార్కుకు నడిచే దారి ఆ మూల మీదుగా పోతుంటే వేరే వీధి చూసుకోండి. అలాగే వారపు అంగడి ఏ రోజో కనుక్కోండి. కూరగాయలు చవకే కానీ, ఆ సాయంత్రం ఆ వీధిలోకి ఆటో కూడా రాదు.

రాత్రి పదిన్నరకు

ఇది ఎవరూ చెయ్యరు, తప్పకుండా చెయ్యండి. బండి మీద వెళ్లి కాలనీ మధ్యలో ఇంజను ఆపి కాసేపు నిలబడండి. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామిక వాడలకు దగ్గరున్న కాలనీల్లో పగలు ఏమీ తెలియదు, రాత్రయితే రసాయనాల వాసన. బాచుపల్లి, ప్రగతినగర్, మియాపూర్ వైపు కొన్ని కాలనీల వాళ్లు దీనిమీద ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నారు. ఇటు తూర్పున దమ్మాయిగూడ, నాగారం, కాప్రా వైపు గాలి మళ్లినప్పుడు జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన వస్తుంది. చలికాలం రాత్రులు గాలి కదలక వాసన కిందనే నిలిచిపోతుంది గనక అప్పుడు మరీ ఎక్కువ. పిల్లికూతలొచ్చే పిల్లలుంటే దీన్ని అన్నిటికంటే ముందు చూసుకోవాలి. పడమట కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడలది ఇంకో రకం ఇబ్బంది. అక్కడ స్కూళ్లు బోలెడు, రోడ్లు వెడల్పు, కానీ టవర్లు లేస్తూనే ఉన్నాయి. టిప్పర్లు, సిమెంటు దుమ్ము, బండలు పగలగొట్టే మోత. కొత్త టవర్‌లో దిగేముందు పక్క స్థలం ఖాళీగా ఉందేమో చూడండి. ఖాళీగా ఉందంటే వచ్చే ఏడాది మీ చంటిపిల్ల మధ్యాహ్నం నిద్ర ఉండదు.

మా వైపేం తక్కువ కాదు. మూసీకి దగ్గరున్న నాగోల్ వీధుల్లో పొద్దుగూకితే దోమలు దండయాత్రకొస్తాయి. కిటికీలకు మెష్ లేని ఇల్లు అక్కడ ఇల్లే కాదు. సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్ వైపు చెట్లు, ప్రశాంతత నాకు చాలా నచ్చాయి. మెట్రో లేదు, రాయదుర్గం ఎంతో దూరం, అందుకే వదులుకున్నాం. ఇద్దరి ఉద్యోగాలూ సికింద్రాబాద్ వైపే అయితే రెండో ఆలోచన లేకుండా అక్కడికే వెళ్లేవాళ్లం.

వాన పడ్డ మర్నాడు

2020 అక్టోబర్ 13 రాత్రి వానకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలతో సహా నగరంలో ఎన్నో వీధులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అప్పటి గుర్తులు ఇప్పటికీ చదవొచ్చు. గోడ మీద నడుం ఎత్తున రంగు మారిన గీత, గుమ్మం ముందు కొత్తగా కట్టిన ఇటుక అడ్డం, సెల్లార్‌లో ఒక మూల సిద్ధంగా పెట్టిన నీళ్లు తోడే మోటారు. ఇవి కనిపిస్తే ఓనరు ఏం చెప్పినా నమ్మొద్దు. పాత కాలనీల్లో ఇంకో తిరకాసు ఉంది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో ఇండిపెండెంట్ ఇళ్లు రోడ్డు కంటే కిందికి దిగిపోయాయి. గేటు నుంచి వరండాలోకి మెట్టు దిగాల్సి వస్తోందంటే వాననీళ్లూ అలాగే దిగుతాయి.

చెరువు ఎఫ్‌టీఎల్ అంటే నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎంతదాకా వస్తాయో ఆ గీత. దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ ఉంటుంది, పెద్ద చెరువులకు 30 మీటర్లు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ మాటలు అందరి నోళ్లలో నానుతున్నాయి గానీ అద్దెకు వచ్చేవాళ్లు పట్టించుకోరు. చెరువుల మ్యాపులు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో ఉంటాయి, కాసేపు కూర్చుని చూస్తే సరిపోతుంది. నార్సింగి, మంచిరేవుల వైపు చూసేవాళ్లు ఉస్మాన్‌సాగర్ గేట్లెత్తినప్పుడు అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు మూసేస్తారని గుర్తుంచుకోండి. స్కూలు రోడ్డుకు అవతల, ఇల్లు ఇవతల ఉంటే ఆ రోజు ఏం చేస్తారో ముందే అనుకోవాలి. మూత లేని నాలా మాత్రం పిల్లలు నడిచే దారిలో ఉండనే కూడదు. ఇందులో బేరం లేదు.

నీళ్ల గురించి వాచ్‌మన్ భార్యను అడగండి

వాచ్‌మన్‌ను అడిగితే "ఫుల్ వాటర్ మేడమ్" అంటాడు, ఓనరు మాట జవదాటలేడు పాపం. సంపు దగ్గర బట్టలుతుకుతున్న అతని భార్యతో రెండు మాటలు మాట్లాడండి. మేం చూసిన ఒక బిల్డింగులో ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది: "ఏం చెప్పాలమ్మా, మార్చి దాటిందంటే బోరు సగమే పోస్తది. పొద్దుగాల ఒక ట్యాంకర్, మాపటికి ఒకటి. ట్యాంకర్ రాకుంటే పై అంతస్తోళ్లు నన్నే తిడ్తరు." ఫ్లాటు బాగుంది, గాలీ వెలుతురూ బాగున్నాయి. ఇంట్లో డైపర్లు, ఉచ్చగుడ్డలు ఉన్న కాలం అది. ఆవిడకు దణ్ణం పెట్టి వచ్చేశాం.

అడగాల్సినవి ఇవి: నల్లా కనెక్షన్ ఉందా, నీళ్ల బిల్లు మీద ఉండే క్యాన్ నంబర్ (కనెక్షన్ నంబరు) చూపిస్తారా, మీటరు పెట్టారా. మీటరు, ఆధార్ అనుసంధానం ఉంటే జీహెచ్‌ఎంసీ పరిధిలో ఇంటికి నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం 2021 నుంచి నడుస్తోంది. అది లేని బిల్డింగులో ఆ ఖర్చు మెయింటెనెన్స్ పేరుతో మీ నెత్తిన పడుతుంది. ట్యాంకర్ డబ్బు మెయింటెనెన్స్‌లో కలిసి ఉందా, ఎండాకాలం విడిగా వసూలు చేస్తారా అన్నది కాగితం మీద రాయించుకోండి. బోరు నీళ్లయితే నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు తీసుకెళ్లండి, కొన్ని వందల్లో దొరుకుతుంది. తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలన్నది భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లెక్క, వేరే దారి లేనిచోట 2,000 దాకా. స్నానానికి బాగా ఉప్పు నీళ్లు వాడితే చంటిపిల్లల చర్మం పొడిబారొచ్చు. బాత్రూం కుళాయి చుట్టూ తెల్లటి పెచ్చు కట్టి ఉంటే మీటరు కూడా అక్కర్లేదు.

లోపలికి వచ్చాక

గదులు, రంగులు మీరే చూసుకుంటారు. పిల్లల కళ్ల ఎత్తుకు వంగి చూడాల్సినవి వేరే ఉన్నాయి. సంపు మూత ఇనుపదా, తాళం వేసే వీలుందా? బాల్కనీ కమ్మీల సందులో మీ పిడికిలి దూరితే పిల్లాడి కాలూ దూరుతుంది. అడ్డకమ్మీలైతే వాడికి అది నిచ్చెన. లిఫ్టు పాతరకం కటకటాలదైతే నేను ఆ బిల్డింగు వద్దంటాను. కరెంటు పోతే లిఫ్టు జనరేటరు మీద నడుస్తుందా అని కూడా అడగండి. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ కంచె ఉందా చూడండి. వంటింటి పక్క డక్ట్‌లోకి తొంగిచూస్తే పావురాల రెట్ట ఎంత పేరుకుందో తెలుస్తుంది. ఆస్తమా ఉన్న ఇంట్లో దాన్ని కడిగించి వల కట్టించాకే దిగాలి.

పిల్లల డాక్టరు రెండు మూడు కిలోమీటర్లలో ఉండాలి, రాత్రి చూసే ఆసుపత్రి ఏదో ముందే తెలిసి ఉండాలి. ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి నీలోఫర్ నగరం నడిబొడ్డున ఉంది, శివార్ల నుంచి అర్ధరాత్రి అంత దూరం వెళ్లడం ఆఖరి మాట.

అడ్వాన్సు ఇచ్చేముందు

ఏజెంటును పట్టుకుంటే సాధారణంగా నెల అద్దె కమీషన్. గేట్లకు వేలాడే టు-లెట్ బోర్డులు చూసుకుంటూ నడిస్తే ఆ డబ్బు మిగులుతుంది, వీధి కూడా తెలుస్తుంది. ఇక్కడ అడ్వాన్సు రెండు నెలలు మామూలు, అగ్రిమెంటు పదకొండు నెలలకు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఎంత కోస్తారో ముందే రాయించండి. గోడల మీద పిల్లల బొమ్మలు ఎలాగూ తప్పవు, ఆ మాట ఓనరుకు నవ్వుతూనే చెప్పేయండి. మా ఓనరమ్మగారు "గీయనీయండమ్మా, నా మనవలూ గీశారు" అన్నారు. అద్దె ఐదొందలు ఎక్కువైనా ఆ ఇల్లే తీసుకున్నాం.

బాల్కనీకి వల, కిటికీలకు మెష్ కొట్టుకోవడానికి ఓనరు ఒప్పుకున్నట్టు అగ్రిమెంటులో ఒక్క లైను ఉండాలి. ఆ ఖర్చు ఎవరిదో కూడా అందులోనే రాయించండి. తాళాలు చేతికొచ్చిన రోజే మెష్ వాళ్లను పిలిచి కొలతలిప్పించండి. సామాన్ల లారీ వచ్చాక వాషింగ్ మెషీను, అట్టపెట్టెలు, అత్తయ్యగారి తులసికోట అన్నీ బాల్కనీలోకే చేరతాయి, డ్రిల్లింగ్ వాడికి నిలబడే చోటుండదు.